పైడమ్మ వదిన చేసిన హైడ్రోజన్

లిథియం నాడు

రాసుకో గోడా. రెండో వీధి, ఆక్సిజన్ ఇల్లు. చెప్తున్నది నూకరత్నం. పని ముగిశాక ప్రతి ఇల్లూ ఆ రోజు సంగతులు తన గోడకి చెప్పాలన్నది మా ఊరి పద్ధతి. పోన్లే, నాకూ మంచిదే. మా ఆయనైతే నా మాట సగంలో ఉండగానే "ఊఁ ఊఁ" అంటూ లేచిపోతాడు. నువ్వు ఆఖరిదాకా వింటావు.

మన ఊళ్ళో రోజులకీ మూలకాల పేర్లే కదా, నిన్న హీలియం కాబట్టి సెలవు. సెలవు మర్నాడు ఒళ్ళు వంగదు కదా, పీట మీద కూర్చున్నానో లేదో ఒకటే ఆవలింతలు. ఎలాగో తొలి పరమాణువు కూర్చాను. ఎనిమిది ప్రోటాన్లు, ఎనిమిది న్యూట్రాన్లు కలిపి ముద్దకట్టి కేంద్రకం చేశాను. దాని చుట్టూ ఎలక్ట్రాన్లు. లోపలి కక్ష్యలో రెండు, బయటి కక్ష్యలో ఆరు. బయట ఎనిమిదింటికి చోటుంటుంది గానీ ఆరే పెట్టి రెండు ఖాళీలు వదలాలి. పెట్టడమంటే లడ్డూలో జీడిపప్పు గుచ్చినట్టు అనుకునేవు. చేతిలోంచి వదలగానే అవి మబ్బులా పరుచుకుంటాయి, ఏది ఎక్కడుందో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ మబ్బు తెల్లగా, మెల్లగా ఊగుతుంటే అలా చూస్తూ కూర్చోవాలనిపిస్తుంది. ఇన్నేళ్ళుగా చేస్తున్నా నాకు దాన్ని చూడ్డం విసుగనిపించలేదు.

నేను చేసేది ఆ ఒక్కటే. వెనక గదిలో యంత్రం దాన్ని అచ్చుగా పెట్టుకుని సాయంత్రం దాకా అలాంటివే పోసుకుంటూ పోతుంది. ఊరంతా పీల్చేది అదే, తాగే నీళ్ళలో ఉండేదీ అదే. అందుకని తొలిదాన్ని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యాలి. ఆవలిస్తూ చేసినా లెక్క మాత్రం తప్పలేదులే, కంగారుపడకు.

కుళాయి దగ్గర బిందె ఎత్తబోతే నడుం పట్టేసింది. రోజూ ఎత్తే బిందే అది. "నీళ్ళు బరువెక్కాయండీ" అన్నాను మా ఆయనతో. "నీళ్ళెందుకు బరువెక్కుతాయే, నీకు వయసొస్తోంది" అని నవ్వాడు భానోజీ. బిందె తీసి ఆయన చంకకే ఎత్తాను. నాలుగడుగులు వేసేసరికి నవ్వు ఆగిపోయింది. ఇంటికొచ్చేదాకా కిక్కురుమనలేదు.

మా మిన్ను ఇవాళ గంట మోగినా లేవలేదు. ఆరేళ్ళ పిల్ల, గంట కంటే ముందే లేచి ఇల్లు పీకి పందిరేసేది. చక్కిలిగింతలు పెడితే లేచి, "నా కల ఇంకా అవ్వలేదే అమ్మా!" అని నా మీదే ఎగిరింది.

కార్బన్ నాడు

ఊరంతా ఆలస్యంగా లేస్తోంది. గంట మోగాక కూడా వీధుల్లో చాలాసేపు ఎవరూ ఉండట్లేదు. ఎవరిని పలకరించినా కళ్ళు అరమోడ్చి, "ఎంత చక్కని కలొచ్చిందో" అంటున్నారు. పనికి ఆలస్యమైనందుకు ఎవరికీ సిగ్గు లేదు. నాకూ లేదనుకో.

నాకొచ్చిన కల చెప్పనా? ఎలక్ట్రాన్ల మబ్బు మీద పడవలో పోతున్నాను. తెడ్డు వెయ్యకుండానే పడవ సాగుతోంది. దూరంగా ఊరి చుట్టూ మన వలలు, వాటి నిండా నక్షత్రగాలిలో కొట్టుకొచ్చిన ప్రోటాన్లు మిణుకుమిణుకుమంటున్నాయి. గట్టు కనిపిస్తుంది గానీ దగ్గరికి రాదు. రాకపోయినా బెంగ లేదు. మెలకువలో నాకు అంత హాయి ఎప్పుడూ తెలీదు.

మా ఆయన మాత్రం దిగులుగా ఉన్నాడు. ఆయన పని తోటలో. మొలకలకని గుడ్డలో కట్టిన మెంతులు ఇంకా పగల్లేదట. తడిసి ఉబ్బాయి, అంతటితో ఆగిపోయాయి. గుడ్డ విప్పి చూపించాడు. గింజలు కూడా నిద్రపోతున్నాయన్నాను. వేళాకోళం వద్దన్నాడు.

సాయంత్రం పక్కింటాయన్ని తోడు తీసుకెళ్ళి వాళ్ళక్కని తీసుకొచ్చాడు. మా పైడమ్మ వదిన. మొదటి వీధిలో మొదటి ఇల్లు, హైడ్రోజన్ ఇల్లు ఆవిడదే. పేరేమో పైడి, చేసేదేమో అన్నిటికంటే తేలికైన మూలకం అని భానోజీ చిన్నప్పట్నించీ ఏడిపిస్తాడట. ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్, అంతటితో పరమాణువు పూర్తి. ఆవిడ పీట దగ్గర న్యూట్రాన్ల ఊసే ఉండదు.

ఆవిడ భర్త, మా అన్నయ్య, చిరిగిన వల కుట్టడానికి ఒక్కడే ఊరి బయటికెళ్ళాడు. మళ్ళీ రాలేదు. అప్పట్నించే మా ఊళ్ళో ఎవరూ ఒంటరిగా గడప దాటకూడదని నియమం పెట్టారు. కుళాయికైనా ఇద్దరు వెళ్ళాలి, పక్క వీధికైనా ఇద్దరు వెళ్ళాలి. వదిన అప్పట్నించీ ఒక్కత్తే ఉంటుంది. మా ఇంటికి వచ్చెయ్యమంటే, "ఆయనొస్తే ఇల్లు తాళమేసి ఉంటుందే" అంటుంది.

ఇవాళ మాత్రం వదిన మొహం కళకళ్ళాడుతోంది. రెండోసారి అడిగి మరీ అన్నం పెట్టించుకుంది. "ఏంటి వదినా సంగతి?" అంటే, "నిద్ర బాగా పడుతోందే" అని సిగ్గుపడుతూ నవ్వింది. చూసి ప్రాణం లేచొచ్చింది నాకు.

ఫ్లోరిన్ నాడు

మిన్ను మధ్యాహ్నం దాకా లేవలేదు. లేచి ఒక ముద్ద తిని, రెండో ముద్ద బుగ్గలో పెట్టుకునే మళ్ళీ నిద్రపోయింది. నోట్లోంచి ముద్ద వేలితో తీశాను. ఒళ్ళు చల్లగా ఉంది.

వైద్యురాలిని పిలిచాం. ఆవిడా ఆవలిస్తూనే నాడి పట్టుకుంది. "పెద్దవాళ్ళ ఒంట్లో నెమ్మదిగా ఎక్కుతున్నదేదో పిల్లల్లో తొందరగా ఎక్కుతోంది. ఎదిగే ఒళ్ళు కదా" అంది. ఏది ఎక్కుతోందో ఆవిడకి తెలీదు. ఈ వీధిలో చిన్నపిల్లలందరూ ఇలాగే ఉన్నారట. ఇలాగే సాగితే ఒక నిద్రలోంచి ఇక లేవరని చెప్పడానికి నోరు రాక, ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు అర్థమైంది.

నీళ్ళు తయారయ్యే చోట ఉండే నీటి గుమ్మం దగ్గరికెళ్ళి అడిగాం. ఇళ్ళలోంచి వచ్చే ప్రతి పరమాణువునీ ఆ గుమ్మమే పరీక్షిస్తుంది. ఎన్ని ప్రోటాన్లున్నాయో లెక్కపెడుతుంది. ఒకటుంటే హైడ్రోజన్, ఎనిమిదుంటే ఆక్సిజన్. పరమాణు సంఖ్య సరిపోతే మూలకం సరిపోయినట్టే, పొమ్మంటుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నాడు అక్కడి కాపలాదారు. అని, కుర్చీలోనే కునుకు తీశాడు.

నియాన్ నాడు

సెలవు. నియాన్‌కి బయటి కక్ష్య నిండుగా ఉంటుంది, దానికెవరితోనూ పని లేదు, కాబట్టి ఆ రోజు మనకీ పని లేదంటారు. బాగానే ఉంది. నా పిల్ల కళ్ళు తెరవకపోతే నేనెట్లా కాళ్ళు చాపుకుని కూర్చోను?

నాకూ నిద్ర ముంచుకొస్తోంది గోడా. మొహాన నీళ్ళు కొట్టుకుంటున్నాను. మిన్ను మంచం పక్కన కూర్చుంటే ఆ కల పడవ వచ్చి గుమ్మం ముందు ఆగినట్టే ఉంటుంది. ఎక్కితే ఎంత హాయో నాకు తెలుసు. అదే నా భయం.

మధ్యాహ్నం దాహమేసింది. అటకమీద పాత నీళ్ళ సీసా ఒకటుంటే దించి గ్లాసులో పోసుకుని, ఫ్రిజ్‌లోంచి మంచుముక్క తీసి వేశాను. ఆ ముక్క తిన్నగా అడుక్కి పోయి కూర్చుంది.

మంచు మునగడం ఎక్కడైనా విన్నామా! కల కంటున్నానేమోనని గిల్లుకున్నాను. ఇంకో ముక్క వేశాను. అదీ మునిగింది. "ఏవండోయ్!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆయన పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం గ్లాసు ముందు చతికిలబడి చూశాం. ఆ మంచు నిన్నటి కుళాయి నీళ్ళది. సీసాలో నీళ్ళు ఎప్పటివో.

అప్పుడు నా పీట దగ్గరున్న తూకం తెచ్చి వేశాం. పాత నీళ్ళ అణువు పద్దెనిమిది తూగింది. కొత్తది ఇరవై. మా ఆయన నా వైపు చూశాడు. "నన్నెందుకలా చూస్తారు, నాది పదహారే" అని నా ఆక్సిజన్ తీసి ఆయన ముందే తూచాను. ఎనిమిది ప్రోటాన్లు, ఎనిమిది న్యూట్రాన్లు, పదహారు. నా లెక్క ఏనాడూ తప్పదు. మిగిలింది హైడ్రోజన్లు రెండు. ఒక్కొక్కటీ ఒకటి తూగాల్సింది రెండు తూగుతున్నాయి.

ఊరికంతటికీ హైడ్రోజన్ చేసేది ఒక్కరే.

సోడియం నాడు

పక్కింటావిడని మిన్ను దగ్గర కూర్చోబెట్టి మేమిద్దరం పొద్దున్నే వెళ్ళాం. వదిన పీట మీద ఉంది. పక్కనే కొంగు కప్పిన బుట్ట. నేను అడక్కుండానే కొంగు లాగాను. బుట్ట నిండా న్యూట్రాన్లు.

"ఇవెక్కడివక్కా?" అన్నాడు మా ఆయన.

వదిన దాచాలని కూడా చూడలేదు. "మీ వీధుల్లో పనయ్యాక మిగిలినవన్నీ తూములో పోసేస్తారు కదరా. తూము నా పెరట్లోనే ఉంది. న్యూట్రాన్ ఒక్కటే పడుంటే కాసేపటికి విరిగిపోతుంది, తెలుసుగా. రోజూ చూస్తూ ఎలా ఊరుకోను? ఇటు చూస్తే ఈ ప్రోటాన్ ఒక్కత్తే వెళ్ళాలి. మనుషుల్నైతే కుళాయికి కూడా ఒంటరిగా పంపట్లేదు. దీన్ని మాత్రం నా చేత్తో నేనే ఎట్లా పంపను? దానికీ తోడు, దీనికీ తోడు అని పక్కన పెట్టాను. మూలకమేం మారలేదు కదా. గుమ్మం కూడా పొమ్మంది."

అంతే సంగతి. జాలేసింది వదినకి. పొద్దున పెట్టిన ఆ ఒక్క తోడుని యంత్రం అచ్చుగా పెట్టుకుని కోట్లు పోసింది.

"మూలకం మారలేదక్కా. ఐసోటోపు మారింది" అన్నాడు మా ఆయన మెల్లగా. "బళ్ళో మనిద్దరం కలిసే చదివాం, డ్యుటీరియం అని. పరమాణు సంఖ్య ఒకటే, బరువు రెట్టింపు. ఆ నీళ్ళు ఒంట్లో చేరితే అన్నీ నెమ్మదిస్తాయి. అందుకే గింజ మొలవట్లేదు. మిన్ను లేవట్లేదు."

వదిన మొహంలో నెత్తురుచుక్క లేదు. చేతిలో ప్రోటాన్ని అలాగే పట్టుకుంది. నేను అయిపోయిందనుకున్నాను. ఇక న్యూట్రాన్ తీసి పారేస్తుంది, రేపటికి నీళ్ళు మారతాయి అనుకున్నాను. వదిన తలొంచుకుని, "ఇంకొక్కసారి నిద్రపోనివ్వవే రత్నం" అంది.

ఏమిటన్నాను.

"ఆయన వస్తున్నాడే" అంది. "మొదట్లో కలలో వల దగ్గర చుక్కలా కనిపించేవాడు. నిద్ర పొడుగైన కొద్దీ కలా పొడుగైంది. రోజూ కొంచెం కొంచెం నడుస్తున్నాడు. నిన్న వీధి మలుపు తిరిగాడు. మొహం కనిపించింది. ఇంకొక్క నిద్ర చాలే, గుమ్మంలోకొస్తాడు."

నాకు ఒళ్ళు తెలీలేదు. "నువ్వు గుమ్మంలోకి రప్పించుకునేలోపు నా పిల్ల గడప దాటిపోతుంది!" అని అరిచాను. పెళ్ళైన దగ్గర్నించీ వదినని 'మీరు' అని తప్ప పిలవలేదు. ఆ మాట అనేసి బయటికొచ్చేశాను. దారంతా ఏడ్చాను. కోపం వదిన మీదో, ఆ రాని మనిషి మీదో తెలీలేదు. మా ఆయన నా వెనకే వచ్చాడు, పాపం ఆయన ఎటు మాట్లాడగలడు?

ఇంటికొచ్చేసరికి మిన్ను ఊపిరి ఒకటి తీసుకుని, రెండోది మర్చిపోయినట్టు చాలాసేపు ఆగుతోంది.

మెగ్నీషియం నాడు

గంట మోగక ముందే తలుపు చప్పుడైంది. తీస్తే వదిన. పక్కన ఎవరూ లేరు.

మూడు సందులు తిరిగి ఒంటరిగా నడిచొచ్చింది! తిన్నగా మిన్ను మంచం దగ్గరికెళ్ళి కూర్చుంది. దాని పాదం చేతిలోకి తీసుకుంది. ఊపిరికి ఊపిరికి మధ్య వదిన కూడా ఊపిరి బిగపట్టడం చూశాను. కాసేపయ్యాక, "నిన్న నిద్రపోలేదే" అంది. "పడుకుంటే వస్తాడు. వస్తే నేనిక లేవను. అందుకని కూర్చునే ఉన్నాను."

మా ఆయన పిల్ల దగ్గర ఉండిపోయాడు. నా పరమాణువు కూర్చేసి నేనూ వదినా హైడ్రోజన్ ఇంటికి వెళ్ళాం. ఆవిడ పీట మీద కూర్చుంది. ప్రోటాన్ పెట్టింది. ఎలక్ట్రాన్ వదిలింది. మబ్బు పరుచుకుంది, అన్నిటికంటే పల్చని మబ్బు. చెయ్యి న్యూట్రాన్ బుట్ట వైపు దానంతటదే పోయింది. వెనక్కి తీసుకుంది. అచ్చుగదిలోకి తొయ్యాలి. తొయ్యలేకపోతోంది.

"దానికి తోడు ఎలక్ట్రాన్ ఉంది కదా వదినా" అన్నాను.

"అది దగ్గరికి రాదే. దూరంగానే ఉంటుంది" అంది. నిజమే. అంతలో నాకొకటి తోచింది. తోచినందుకు ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

"వదినా, ఇది వెళ్ళేది ఎక్కడికి? మా ఇంటి ఆక్సిజన్ దగ్గరికే కదా. నేను పొద్దున్నే ఆక్సిజన్ చేసి రెండు చోట్లు ఖాళీగా ఉంచుతాను. ఎందుకనుకున్నారు? మీ వాటికోసమే. దారిలో ఒంటరిదే, కాదనను. వచ్చాక నా దాని ఎలక్ట్రాన్ ఒకటి, దీనిది ఒకటి, రెంటినీ కలిపి పంచుకుంటాయి. మళ్ళీ విడదియ్యాలంటే ఎంత కష్టమో మీకూ తెలుసు."

"రెండు చోట్లూ ఖాళీగానే ఉన్నాయా ఇవాళ?" అంది వదిన చిన్నపిల్లలా.

"ఉన్నాయి. పొద్దున్నే చేసి వచ్చాను."

"జాగ్రత్త తల్లీ" అంది పరమాణువుతో. తోసింది. యంత్రం అందుకుంది. వదిన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఆవిడ వీపు నిమురుతూ కూర్చున్నాను, నాక్కూడా కళ్ళు ఆగలేదు.

బుట్టలో న్యూట్రాన్లు మాత్రం పారబొయ్యనివ్వలేదు. చివరి వీధుల్లో సీసం ఇంటికి మొయ్యించింది. ఒక్క సీసం పరమాణువులోనే వందకి పైగా న్యూట్రాన్లు పడతాయి. రోజూ మిగిలినవి అక్కడికే పంపాలని వీధి పెద్దల దగ్గర మాట తీసుకుని మరీ కదిలింది.

సిలికాన్ నాడు

ఊరి నీళ్ళ తొట్లన్నీ ఖాళీ చేసేశారు. జరిగింది వదినే అందరి ముందూ నిలబడి చెప్పింది. తిట్టినవాళ్ళు తిట్టారు. చెయ్యి పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. కొందరైతే, "కలలు కూడా పోతాయా?" అని బిక్కమొహం వేశారు.

కొత్త నీళ్ళు చెంచాతో మిన్ను నోట్లో చుక్క చుక్క పోస్తున్నాం. ఒక పూట నేను, ఒక పూట వదిన. వదిన మా ఇంట్లోనే ఉంటోంది. రమ్మని నేనూ అడగలేదు, వస్తానని తనూ అనలేదు. పాత బరువు ఒంట్లోంచి దిగడానికి టైము పడుతుందని వైద్యురాలు అంది. దిగేలోపు పిల్ల తట్టుకోవాలి.

మా ఆయన సంతోషంగా వచ్చి మెంతుల గుడ్డ విప్పాడు. ఒక గింజకి తెల్లటి ముక్కు వచ్చింది. బాగుందన్నాను. నా కళ్ళు మాత్రం ఆ మంచం మీదే ఉన్నాయి. ఇవాళ దాని ఊపిరి మధ్య ఆగడం కొంచెం తగ్గింది. తగ్గిందని నేననుకుంటున్నానో, నిజంగా తగ్గిందో! భయంగా ఉంది గోడా. ఇంతకంటే ఇవాళ ఏం చెప్పలేను.

ఆర్గాన్ నాడు

సెలవు. గంట మోగలేదు ఇంకా. నేను వంటింట్లో అట్లు పోస్తున్నాను. లోపల్నించి, "అత్తా, లే. లేవ్వే అత్తా, ఆకలేస్తోంది" అని వినిపించింది.

అట్లకాడ ఎక్కడ పారేశానో తెలీదు. వెళ్ళి చూస్తే మిన్ను మంచం దిగి, కింద చాప మీద పడుకున్న వదిన భుజం పట్టి కుదిపేస్తోంది. కాళ్ళు ఇంకా తూలుతున్నాయి. కళ్ళు మాత్రం టార్చిలైట్లలా ఉన్నాయి. ఎత్తుకుని ముద్దులు పెట్టాను, పెట్టి వీపు మీద ఒక్కటిచ్చాను కూడా, నన్నంత ఏడిపించినందుకు. మా ఆయన గుమ్మంలో నిలబడి చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. అట్టు మాడిపోయింది.

దానికి మూడు అట్లు పెట్టాక వదిన దగ్గరికొచ్చి కూర్చున్నాను. అడగొచ్చో లేదో. అడిగాను.

"వచ్చాడా వదినా?"

"వచ్చాడే" అంది. "మళ్ళీ వల దగ్గర్నించే మొదలెట్టాడు. అంత దూరం నడిచొచ్చిన మనిషి. రెండడుగులు వేశాడో లేదో, ఈ పిల్ల లేపేసింది." నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగిపోయింది. "ఇప్పుడు నిద్ర ఇంతే కదా రత్నం. ఇంత చిన్న కలలో ఆయన ఇక ఎప్పటికీ గుమ్మం దాకా రాలేడు."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మిన్ను మూతి తుడుచుకుంటూ వచ్చి మా ఇద్దరి మధ్యకి దూరింది. "ఎవరత్తా రాలేడు?" అంది.

"మీ మావయ్యే" అంది వదిన. "నువ్వెళ్ళి దువ్వెన తే. జడేస్తూ చెప్తాను."